వెండి చెంచా నల్లబడలేదు

చేపల షెడ్డు పక్క గది
వానలకు ముందు వారం

తమ్ముడూ,

నువ్వు రోజూ ముద్దలో పెట్టుకునే చేప, తను బతికుండగా ఏం తిని బతికిందో ఎప్పుడైనా అడిగావా? అడగలేదు. నీ సంగతి నాకు తెలీదూ! కంచంలోకి వచ్చిందా, నోట్లోకి పోయిందా, అంతే. ఆ దీవి మీద గాలినీ వాననీ కొలవడానికి నిన్ను పెట్టారు గానీ నీ కడుపును కొలిచేవాళ్ళు లేరు. అందుకని నేను రాస్తున్నాను.

మా షెడ్డుకి కొత్తగా ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. నీకంటే చిన్నది. పగడపు రాళ్ళ దగ్గర పట్టిన పెద్ద చేప కనబడితే చాలు, దాని మీద ఎర్ర రంగు పోసి గుంటకి పంపిస్తుంది. మొన్న ఒక్కరోజే పదకొండు పూడ్పించింది. కళ్ళు మెరుస్తున్నాయి, మొప్పలు ఎర్రగా ఉన్నాయి, అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టున్నాయి. "ఏం దోషం కనబడింది తల్లీ?" అన్నాను. "కనబడదండీ, అదే దోషం" అంది. నాకు ఒళ్ళు మండింది. దేవుడిచ్చిన తిండిని మట్టిలో పూడ్చడమా? అంతమందికి రొట్టెలూ చేపలూ పంచాక కూడా ప్రభువు మిగిలిన ముక్కలు ఏరించాడు. ఒక్కటి పారేయనిచ్చాడా?

షెడ్డులో మన ఆదివారం ప్రార్థన సభలో, ప్రసంగానికి ఇదే ఎత్తుకున్నాను. ప్రవక్త శిష్యులు కుండ పెట్టుకున్న కథ చెప్పాను. ఎవరో తెలియక అడవి కాయలు తరిగి వేశారు, కూర విషమైంది. ప్రవక్త ఏం చేశాడు? కుండ పారబోశాడా? లేదు! కాస్త పిండి తెమ్మని అందులో వేశాడు, అందరూ తిన్నారు, ఒక్కరికీ ఏమీ కాలేదు. విశ్వాసం ఉన్న చేతికి విషం లొంగుతుందని బల్ల గుద్ది చెప్పాను. షెడ్డు రేకులు అదిరాయి. తూకం దగ్గర కూర్చునే మన వెనకవీధి ఆవిడ, అదే తక్కెడ వదిన, ఏడ్చేసింది.

ఈ పొట్లంలో అమ్మ వెండి చెంచా పంపుతున్నాను. ఉడుకుతున్న కూరలో పెట్టు. నల్లబడితే పారెయ్. తెల్లగా ఉంటే ప్రార్థన చేసుకుని నిశ్చింతగా తిను. అమ్మ చేసింది అదే, అమ్మమ్మ చేసింది అదే.

సీసా ముట్టుకోవడం లేదు కదా? ప్రమాణం చేసి పడవెక్కావు. దేవుడు చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను.

అక్క


దీవి, వాతావరణ గది
వానలు మొదలైన పదో రోజు

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు పైకి చదివాను. నీ గొంతుతోనే చదివాను. "పారేయనిచ్చాడా?" అన్నచోట బల్ల కూడా గుద్దాను, వాన కొలిచే గాజు గొట్టం దొర్లి కిందపడబోయింది. నవ్వకు. ఇక్కడ మనిషి గొంతు వినాలంటే నా గొంతే వినాలి. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ రేడియోలో అంకెలు చెబుతాను. గాలి ఇంత, వాన ఇంత, వేడి ఇంత. అవతలాయన "అందింది" అంటాడు. పోయిన వారం ఆయన బాగా దగ్గాడు. మర్నాడు "జ్వరం తగ్గిందాండీ?" అని అడిగాను. "అందింది" అన్నాడు.

గదిలో ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్చీలు. ఒక్క మనిషికి రెండో కుర్చీ ఎందుకిచ్చారో తెలీదు. వారానికోసారి అందులోనూ కూర్చుంటున్నాను, అలుగుతుందేమోనని.

నీ పొట్లం తెచ్చిన పడవ, గాలి ఎక్కువగా ఉందని మళ్ళీ రావాల్సిన రోజుకి రాలేదు. తిండి డబ్బాలు అయిపోయాయి, బియ్యం మిగిలాయి. రాళ్ళ దగ్గర గాలం వేస్తే నా తొడంత లావు చేప పడింది. లాగలేక చేతులు కోసుకుపోయాయి. నువ్వు చెప్పినట్టే చెంచా పెట్టాను. అద్దంలా ఉంది. ప్రార్థన చేసుకుని తిన్నాను. తల, కార్జం, గుడ్లు, ఏదీ పారేయలేదు. ముక్కలు ఏరించిన ప్రభువును తలుచుకుని ముళ్ళు కూడా చీకాను. తిన్నంత తిని, మిగిలింది ఉప్పు పెట్టి ఎండేశాను.

మర్నాడు కడుపు గడబిడ చేసింది. వాననీళ్ళ తొట్టిలో ఆకులు కుళ్ళాయి, ఆ నీళ్ళ పనే అయ్యుంటుంది.

ఒక సాయం చెయ్యి. ఇక్కడి థర్మామీటరు చెడిపోయినట్టుంది. తొట్టి నీళ్ళు ఇరవై మూడు డిగ్రీలని చూపిస్తోంది, చెయ్యి ముంచితే చురుక్కున కాలుతోంది. టీ పొగలు కక్కుతూ ఉంటుంది, పెదాలకు మాత్రం చల్లగా తగులుతోంది. ఆఫీసుకి చెబితే పరికరం కంటే ముందు నన్ను మారుస్తారు. బజార్లో మంచిది చూసి ఒకటి పంపు.

ఇంటి సంగతులేమీ రాయలేదు. ముందు గదిలో నా మంచం ఉందా, తీసేశావా? ఊరికే అడిగాను.

తమ్ముడు


చేపల షెడ్డు పక్క గది
వానల నడుమ

తమ్ముడూ,

థర్మామీటరు పంపుతున్నాను. దుకాణంలో మూడింటిని ఒకే గ్లాసులో ముంచి చూసి తెచ్చాను. దుకాణం అతను "పెళ్ళికొడుకుని చూస్తున్నారా అమ్మా?" అన్నాడు.

ఇక అసలు మాటకొస్తాను. నీ అక్షరాలు చూశాను. ఒక్కటీ గీత మీద నిలబడటం లేదు. చల్లనీళ్ళు కాలడమేంటి? పొగలు కక్కే టీ చల్లగా తగలడమేంటి? ఎవరి ముందురా ఈ కథలు? తాగినవాడి నోటికే వేడీ చల్లా తేడా తెలీదు. సీసా దీవిదాకా ఎలా వచ్చిందో నేను అడగను. దేవుడు అడుగుతాడు.

రెండేళ్ళ కిందట అరవైమంది చూస్తుండగా నీ చెయ్యి పట్టుకుని సభలోంచి బయటికి నడిపించాను. "ఈ సభలోనూ నా ఇంట్లోనూ నీకు చోటు లేదు" అన్నాను. ఆ మాట అన్నందుకు ఒక్కరోజు బాధపడలేదు. పుండు కోసేవాళ్ళకి చెయ్యి వణకకూడదు. మళ్ళీ అనాల్సి వస్తే మళ్ళీ అంటాను.

పైగా పోయిన ఆదివారమే నీ గురించి సాక్ష్యం చెప్పాను. దీవిలో ఒంటరిగా ఉండి, ప్రార్థన చేసుకుని, తొడంత చేప తిని, రాయిలా ఉన్నాడు నా తమ్ముడు అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు.

మంచం గురించి అడిగావు. దాని మీద పాటల పుస్తకాలు పెట్టాను.

అక్క


దీవి, వాతావరణ గది
వానలు తగ్గుముఖం పట్టాక

అక్కా,

రెండు థర్మామీటర్లూ ఒకే తొట్టిలో పెట్టాను. రెండూ ఇరవై మూడే అన్నాయి. అంటే పాతది మంచిదే. నా చెయ్యే అబద్ధం చెబుతోంది.

చుక్క ముట్టుకోలేదు. నమ్మమని అడగను.

పెదాలు తిమ్మిరెక్కుతున్నాయి. పళ్ళు ఊగుతున్నట్టు ఉంటుంది, వేలితో కదిపి చూస్తే గట్టిగానే ఉన్నాయి. అరిచేతులు ఒకటే దురద. గాలి కొలిచే స్తంభానికి పద్దెనిమిది మెట్లు. ఇదివరకు ఈల వేస్తూ ఎక్కేవాణ్ణి, ఇప్పుడు తొమ్మిదో మెట్టు మీద కూర్చుంటున్నాను. నడుమ నాలుగు రోజులు బాగానే ఉంది. ఎండు చేప వండుకున్నాను, మళ్ళీ మొదలు. చెంచా తెల్లగానే ఉంది. కాబట్టి చేప కాదు. అయితే నా విశ్వాసంలోనే ఏదో లోపం ఉండాలి. ప్రార్థన ఇంకాస్త సేపు చేస్తున్నాను.

ఆఫీసుకి చెప్పను. ఒంట్లో బాగాలేదంటే దింపేసి ఇక్కడ మర పెడతారు. దిగి ఎక్కడికి వెళ్ళను? పుస్తకాలు ఉన్నాయన్నావుగా.

రేడియో ఆయన మొన్న అంకెలయ్యాక "గొంతు నీరసంగా ఉంది" అన్నాడు. "అందింది" అన్నాను.

తమ్ముడు


ఆసుపత్రి వరండా, బెంచీ మీద
వానలు వెలిసిన రెండో వారం

ఒరే నాన్నా,

ముందు ఇది విను, తర్వాత మిగతాది చదువు. ఆ ఎండు చేప మొత్తం తీసుకెళ్ళి గొయ్యి తీసి పూడ్చు. ముక్క కూడా ఉంచకు. పిట్టకీ పెట్టకు. ఇక చేప అన్నదే ముట్టుకోకు. డబ్బాలు పంపుతున్నాను, బీన్సూ బఠాణీ, చేప డబ్బా ఒక్కటీ లేదు. పూడ్చాకే ఈ ఉత్తరం మళ్ళీ పట్టుకో.

పోయిన శుక్రవారం గుంట దగ్గర పడేసిన ఒక పెద్ద చేపని నేను తీసుకొచ్చాను. ఇన్‌స్పెక్టరమ్మ పోసిన ఎర్ర రంగుని ఈ రెండు చేతులతో, కొబ్బరి పీచు పెట్టి తోమి కడిగాను. దేవుడి తిండిని కాపాడుతున్నానని పాట కూడా పాడుకున్నాను. వండాను. నీకు ఇచ్చేశాను కాబట్టి ఇంకొకళ్ళింటి వెండి చెంచా అడిగి పెట్టాను. నల్లబడలేదు. ప్రార్థన చేశాను. ఐదుగురం తిన్నాం. నేను తోక ముక్క తీసుకుని, తల మర్యాదగా తక్కెడ వదినకి వడ్డించాను.

నాకు పెదాలు తిమ్మిరెక్కి ఊరుకుంది. ముగ్గురికి వాంతులు పట్టుకున్నాయి. వదినకి నాడి అందలేదు. రిక్షాలో నా ఒళ్ళో పడుకోబెట్టుకుని తెచ్చాను. మర్నాడు కళ్ళు తెరిచి నీళ్ళడిగితే, మంచు వేసిన గ్లాసు నోటికి అందించాను. ఒక్క గుక్క తాగి గ్లాసు తోసేసింది. "నిప్పు పోస్తున్నావేంటే!" అంది.

గ్లాసు ఎక్కడ పడిందో నాకు తెలీదు. నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. తొట్టి నీళ్ళు చురుక్కున కాలుతున్నాయని రాశావు. వేడీ చల్లా తలకిందులైన నా తమ్ముణ్ణి నేను తాగుబోతు అన్నాను.

ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. "రంగు కడిగింది నేనే. నన్ను తిట్టు తల్లీ" అన్నాను. "తిట్టడానికి టైం లేదండీ, ఇంకెవరెవరు తిన్నారో చెప్పండి" అంది. కాగితం తీసుకుని రాసుకుంది. చివర్లో "ఇంకొకడున్నాడు, దీవిలో, అక్కడి చేపే తిన్నాడు" అన్నాను. ఆ అమ్మాయి కలం ఆగిపోయింది.

తను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. చచ్చిన పగడపు రాళ్ళ మీద కంటికి కనబడనంత సన్నటి పాచి పెరుగుతుంది. విషం దానిది. చిన్న చేపలు ఆ పాచి గీక్కుని తింటాయి, పెద్ద చేపలు ఆ చిన్నవాటిని తింటాయి. చేప ఎంత పెద్దదైతే, ఎంత కాలం బతికితే, అంత విషం దాని ఒంట్లో చేరుతుంది. చేపకి ఏమీ కాదు. వాసన రాదు, రుచి మారదు. ఉడికించినా పోదు, ఉప్పు పెట్టినా పోదు, ఎండేసినా మంచులో పెట్టినా పోదు. తలా, కార్జం, గుడ్లలో మరీ ఎక్కువ. నువ్వు పారేయకుండా తిన్నవే అవి. "మరి వెండి?" అన్నాను. "వెండికి తెలీదండీ. ఈగలు వాలాయా, చీమలు పట్టాయా అని చూసేవాళ్ళున్నారు, వాటికీ తెలీదు" అంది. ఒకసారి ఈ విషం పడిన ఒంటికి నెలల తరబడి చేప ముక్క తగిలినా, సారా చుక్క తగిలినా తిరగబెట్టవచ్చట.

అమ్మకి ఏమీ కాలేదంటే చెంచా వల్ల కాదురా. మనింట్లో వండినవి కాలవలో పట్టిన అరచెయ్యంత చేపలు. అంతే.

వదిన మంచం పక్కన కూర్చుని ఆ కుండ కథ మళ్ళీ తీశాను. ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! పిండి దగ్గరికి పరిగెత్తేదాన్ని ఎప్పుడూ. అంతకు ముందు ఏం జరిగింది? తినేవాళ్ళు కేక వేశారు. నోట్లో పెట్టుకోగానే, ప్రవక్త వండించాడు కదా అని మొహమాటపడకుండా, ఇందులో చావుందని అరిచారు. ఆయన వాళ్ళని తిట్టలేదు. విశ్వాసం తక్కువైందనలేదు. విన్నాడు. ముందు విన్నాడు, తర్వాతే పిండి. నువ్వూ కేక వేశావు, రెండు ఉత్తరాల్లో వేశావు. నేను అక్షరాలు గీత మీద ఉన్నాయా అని చూశాను.

లోపం నీ విశ్వాసంలో లేదు. నీ విశ్వాసమే నిన్ను ఈ గతికి తెచ్చింది, ఎందుకంటే దాన్ని నా మాట మీద పెట్టావు.

ఆదివారం సభలో నిలబడి ఇదంతా చెప్పాను. రేకులు అదరలేదు. పదిమంది లేచి వెళ్ళిపోయారు. ఇన్‌స్పెక్టరమ్మని పిలిచి నా బల్ల దగ్గర నిలబెట్టాను. ఎర్ర రంగు అంటే ఏంటో తనే చెప్పింది.

ఒంట్లో ఎలా ఉందో దాచకుండా రాయి.

అక్క


దీవి, రేవు మెట్లు
పడవ వచ్చిన రోజు

అక్కా,

పడవ నడిపే సరంగు సరుకు దించేలోపు రాస్తున్నాను. చేప పూడ్చేశాను. రాయి తగిలి గొయ్యి సరిగ్గా పడలేదు, పైన ఇంకో రెండు రాళ్ళు పెట్టాను. వదిన బతికినందుకు సంతోషం. తనకి నా తరఫున చెప్పు, తూకంలో మోసం చేసినందుకు ఈ శిక్ష చాలని.

దాచొద్దన్నావు. ఈ పడవ రాకముందు ఇంకో చేప తిన్నాను, మొదటిదానికంటే పెద్దది. పది రోజులైంది. మెట్లు ఎక్కలేకపోతున్నాను. లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్ముతాయి. నాడి నేనే లెక్క పెట్టుకుంటున్నాను, కొలవడం నా పని కదా. నిమిషానికి నలభై నాలుగు. ఒకరోజు నలభై ఒకటి.

మంగళవారం పొద్దున స్తంభం ఎక్కలేక, చెట్లు ఊగడం చూసి గాలి ఊహించి చెప్పాను. ఈ రెండేళ్ళలో నేను చెప్పిన ఒకే అబద్ధం అది. ఆ అంకె నమ్ముకుని ఎన్ని పడవలు బయల్దేరాయో అని సాయంత్రం దాకా సముద్రంకేసే చూస్తూ కూర్చున్నాను.

సరంగు నా వంక చూసి "ఎక్కు, తీసుకుపోతాను" అన్నాడు. మంచివాడు. ఎక్కలేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చేప సంగతి ఉంది, పాచి సంగతి ఉంది, ప్రవక్త సంగతి ఉంది. నీ తప్పు ఒప్పుకున్నావు, అది నీకెంత కష్టమో నాకు తెలుసు. కానీ "రా" అన్న మాట ఎక్కడా లేదు. ఉంటుందేమోనని వెనకవైపు కూడా తిప్పి చూశాను. ఆ రోజు అరవైమంది ముందు అన్న మాట తీసుకున్నట్టు కూడా ఎక్కడా లేదు. మళ్ళీ అనాల్సి వస్తే అంటానని అంతకు ముందు ఉత్తరంలో ఉంది.

ఇక్కడైతే నన్నెవరూ పొమ్మనరు. అందుకే.

తమ్ముడు


ఇంటి నుంచి
మర్నాటి ఉదయం

తమ్ముడూ,

రా.

మొదటి మాట ఇదే కావాలని ఇక్కడ రాశాను. ఇంక వెతుక్కోనక్కర్లేదు.

నిన్న సాయంత్రం సరంగు తిన్నగా మా షెడ్డుకే వచ్చాడు. "మీ తమ్ముడు గోడ పట్టుకుని నడుస్తున్నాడమ్మా" అన్నాడు. ఉత్తరం నిలబడే చదివాను. డాక్టరుకి చూపించాను. నలభై ఒకటి అన్న అంకె మీద వేలు పెట్టి, "ఈయన ఇంకా అక్కడే ఉన్నాడా?" అన్నాడు. ఈ విషానికి విరుగుడు లేదట, కానీ ఆసుపత్రిలో ఉంటే నాడి పడిపోకుండా చూసుకోగలరట. ఒంటరిగా ఉంటే ఎవరు చూస్తారు? వదినని నిలబెట్టింది అదే, పక్కన మనుషులుండటం.

రాత్రే, సభ రోజు కాకపోయినా, అందరినీ పిలిచాను. వచ్చినవాళ్ళు ముప్ఫైమందే. నా తమ్ముణ్ణి ఇక్కణ్ణించి నడిపించిన రోజు నేను పాపం చేశానని చెప్పాను. తప్పిపోయిన కొడుకు కథ ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాను కదా, ఎప్పుడూ ఎదురెళ్ళి కౌగిలించుకున్న తండ్రి గొంతుతో చెప్పేదాన్ని. నేను తండ్రిని కాను. ఇంటి బయట మొహం ముడుచుకుని నిలబడి, తిరిగొచ్చిన తమ్ముడు లోపలుంటే నేను రానన్న ఆ పెద్దకొడుకుని. ఆ మాట తీసుకుంటున్నాను. "పొమ్మన్నదాన్నే రమ్మంటున్నాను" అన్నాను. జీవితంలో మొదటిసారి నా ప్రసంగం మధ్యలో ఆగిపోయింది.

ఇల్లు కూడా ఖాళీగానే ఉందిరా. సభలో అరవైమంది, ఇంట్లో ఒక్కదాన్ని. రెండేళ్ళుగా ఒక పూట వండుకుని రెండు పూటలా తింటున్నాను. ఇది నీకెప్పుడూ రాయలేదు. దేవుడికి కూడా చెప్పలేదు, ఆయనకి తెలుసులే అనుకుని ఊరుకున్నాను.

నీకు కోపం వచ్చే పని ఒకటి చేశాను. పొద్దున్నే మీ ఆఫీసుకి వెళ్ళి మొత్తం చెప్పేశాను, మంగళవారం అంకెతో సహా. తిట్టుకో. మీ పెద్దాయన నీకు మూడు నెలల సెలవు రాయించి, అదనపు పడవ కట్టించాడు. మర పెట్టరు. నీ బదులు మనిషిని పంపుతున్నారు. ఈ ఉత్తరం నీ చేతికిచ్చింది ఆ కొత్తాయనే. ఆయన సంచిలో గాలం లేదు, నేనే వెతికాను. రాళ్ళ దగ్గర చేప పట్టొద్దని ఇన్‌స్పెక్టరమ్మ కాగితం మీద రాసి, సంతకం చేయించుకుని మరీ పంపింది.

నేనే వద్దామనుకున్నాను. పడవలో ఒక్క మనిషికే చోటు. వచ్చేటప్పుడు ఆయన కూర్చున్న చోటు, తిరిగొచ్చేటప్పుడు నీది.

సరంగు గంటసేపే ఆగుతాడు. తర్వాత ఆటు మొదలై నీళ్ళు తీసేస్తాయి, పడవ రాళ్ళకి తగులుతుంది. మళ్ళీ పడవ ఎప్పుడో ఎవరికీ తెలీదు, నీ నాడి అంతదాకా ఆగుతుందో లేదో డాక్టరుకే తెలీదు. రేపు కొంచెం బాగుంటే వస్తాననుకోకు. బాగున్నట్టు అనిపించిన నాలుగు రోజుల సంగతీ, తర్వాత మళ్ళీ మొదలైన సంగతీ నువ్వే రాశావు. సామాను సర్దకు, ఆయన చూసుకుంటాడు. అంకెల పుస్తకం ఆయన చేతికివ్వు. సరంగు భుజం మీద చెయ్యి వెయ్యి, సిగ్గుపడకు, మెట్ల దగ్గర కూర్చుని కూర్చుని దిగు. రేవులో నేను నిలబడి ఉంటాను, పక్కన స్ట్రెచరు ఉంటుంది.

నాకు బదులు రాయకు. ఈ కాగితం అక్కడే పడేసి లే. చెప్పులు వేసుకో. ఇవాళే, ఈ గంటలోనే, పడవెక్కు.

అక్క